భిలాయ్ గ్యాసు దారులు

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ రోజు అందరూ ఇనుము గురించి మాట్లాడుకున్నారు. కానీ ఆ ఫర్నేస్ నుంచి వచ్చేది ఇనుము ఒక్కటే కాదు. ఇనుము విడతలు విడతలుగా దిగుతుంది, గ్యాసు రాత్రీ పగలూ ఎడతెరిపి లేకుండా వస్తూనే ఉంటుంది. ఇనుమును పోతపోసి యార్డులో పేర్చుకోవచ్చు. గ్యాసును అలా దాచుకోవడానికి వీల్లేదు. గ్యాస్ హోల్డర్లు ఎంత పెద్దవైనా అవి ఒత్తిడిలో హెచ్చుతగ్గులను సర్దడానికే సరిపోతాయి. పుట్టిన గ్యాసు అప్పటికప్పుడు వాడే చోటికి చేరాలి, లేకపోతే ఫ్లేర్ స్టాక్ మీద వృథాగా మండిపోవాలి. అందువల్ల ఉక్కు కర్మాగారం కట్టడమంటే ఒక గ్యాసు వ్యవస్థను కట్టడం కూడా. భిలాయ్‌లో ఆ వ్యవస్థ వయసు అరవై అయిదేళ్లు దాటింది. దేశాన్ని చుట్టిన సహజవాయువు పైపులైను ఆ ఊరి పొలిమేరకు చేరింది మాత్రం ఈ మధ్యనే. కర్మాగారం లోపల గానీ దేశంలో గానీ గొట్టాలు ముందు పడ్డాయి, వాటికి ఉమ్మడి నిబంధనలు తరవాత వచ్చాయి. ఆ మధ్యకాలంలో కొంత మూల్యం ప్రాణాల రూపంలో చెల్లించాల్సి వచ్చింది.

ఉక్కు కర్మాగారంలో ప్రధానంగా మూడు గ్యాసులు పుడతాయి. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చేది కోక్ ఒవెన్ గ్యాసు. అందులో సగానికి పైగా హైడ్రోజన్, పావు వంతు దాకా మీథేన్ ఉంటాయి. ఘనపు మీటరుకు నాలుగు వేల కిలో కేలరీలకు పైగా వేడినిస్తుంది. రోలింగ్ మిల్లుల ఫర్నేసులకు ఇది మేలైన ఇంధనం. రెండోది బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు. పరిమాణంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ, వేడిలో అన్నిటికన్నా తక్కువ. సగం పైగా నత్రజనే కావడంతో ఘనపు మీటరుకు ఎనిమిది వందల కిలో కేలరీలు రావడమే గొప్ప. మూడోది ఉక్కు తయారుచేసే కన్వర్టర్ల నుంచి వచ్చేది. అందులో ఎక్కువ భాగం కార్బన్ మోనాక్సైడే, పైగా ఊదుడు జరిగే కొద్ది నిమిషాలే వస్తుంది. ఈ మూడింటినీ మిక్సింగ్ స్టేషన్లలో తగిన పాళ్లలో కలిపి, బూస్టర్లతో ఒత్తిడి పెంచి, ఎవరికి ఎంత వేడి కావాలో అంత వేడి గల గ్యాసును పంపాలి. వాటాల్లోనూ ఒక వరుస ఉంటుంది. కోక్ ఒవెన్ల వేడి, ఫర్నేసుకు వేడిగాలినిచ్చే స్టవ్‌లు ముందు. తరవాత మిల్లులు. మిగిలినది పవర్ అండ్ బ్లోయింగ్ స్టేషన్ బాయిలర్లకు. అక్కడ బొగ్గు కూడా మండుతుంది కాబట్టి గ్యాసు తగ్గితే బొగ్గు పెంచుకుంటారు. ఏ ఫర్నేస్ ఎప్పుడు ఆగుతుందో, ఏ మిల్లు ఎప్పుడు మొదలవుతుందో తెలిసిన ఒక విభాగం వీటన్నిటినీ ఒకే చోట నుంచి చూడాలి. భిలాయ్‌లో ఆ పని ఎనర్జీ మేనేజ్‌మెంట్ విభాగానిది.

ఈ గొట్టాలకు తొలి నమూనా సోవియట్ యూనియన్‌లో గీసినదే. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది, సోవియట్ సంస్థ గిప్రోమెజ్ నమూనా తయారుచేసింది. మొదటి మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఒక్కొక్కటి 1,033 ఘనపు మీటర్ల పరిమాణంలో ఒకే కొలతన వచ్చాయి. దల్లీ రాజహరా ఇనుప రాయి, నందినీ సున్నపురాయి, తాందుల నీళ్లు, ఝరియా వైపు నుంచి బొగ్గు, వీటన్నిటినీ ముందే లెక్కగట్టి కట్టిన కర్మాగారమది. ఎంత గ్యాసు పుడుతుంది, ఎక్కడ మండుతుంది అన్న లెక్క కూడా ఆ నమూనాలో భాగమే.

అయితే దేశం ఆ పదేళ్లలో మూడు కర్మాగారాలను మూడు దేశాల సాయంతో కట్టింది. భిలాయ్ సోవియట్ యూనియన్‌ది, రూర్కెలా పశ్చిమ జర్మనీది, దుర్గాపూర్ బ్రిటన్‌ది. మూడింటి యజమాని ఒక్కటే, హిందుస్థాన్ స్టీల్. కానీ గొట్టం మందం, ఫ్లాంజి కొలత, బోల్టు మర, వాల్వు తరహా, భద్రతా పద్ధతి ఏ దేశం కట్టినచోట ఆ దేశపు ప్రమాణాల ప్రకారం వచ్చాయి. ఒక కర్మాగారం వాల్వు చెడిపోతే ఇంకో కర్మాగారం స్టోర్‌లో ఉన్నది పనికొచ్చేది కాదు. గ్యాసు వాడకమే ఒక్కోచోట ఒక్కో తీరు. రూర్కెలాలో కోక్ ఒవెన్ గ్యాసులోని హైడ్రోజన్‌ను ఎరువుల కర్మాగారానికి మళ్లించారు. భిలాయ్‌లో అదే గ్యాసు ఎక్కువగా మిల్లుల ఫర్నేసుల్లో మండింది. ఇంజనీరు ఒకచోటి నుంచి మరోచోటికి బదిలీ అయితే పని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నట్టే ఉండేది.

ఈ చిక్కు హిందుస్థాన్ స్టీల్‌కు తొందరగానే అర్థమయింది. 1959లోనే రాంచీలో సెంట్రల్ ఇంజనీరింగ్ అండ్ డిజైన్ బ్యూరోను పెట్టింది. అదే 1973లో మెకాన్ అయింది. స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా కూడా ఆ ఏడాదే ఏర్పడింది. తరవాత ఉక్కు కర్మాగారాలన్నీ కూర్చుని అంతర్ కర్మాగార ప్రమాణాలు రాసుకున్నాయి. గొట్టంలో ఏముందో రంగును బట్టి గుర్తుపట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 2379 లాంటివి కూడా ఈ పనికే తోడయ్యాయి. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే సంగతులు కావివి. అయినా కొత్తగా చేరిన కార్మికుడు ఏ కర్మాగారంలోకి వెళ్లినా గొట్టాన్ని చూసి జాగ్రత్తపడగలిగాడంటే అది ఈ కాగితాల చలవే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి భిలాయ్‌కు వలస వెళ్లిన తెలుగువారికి, సోవియట్ సహకారంతోనే మొదలైన విశాఖ ఉక్కు కర్మాగారం పరాయిగా అనిపించకపోవడానికి కూడా ఈ పోలికే ఒక కారణం.

గ్యాసు లైను మీద పని ఎంత సున్నితమో తెలియాలంటే ఒక బ్లాంక్ వేసే పనిని దగ్గరగా చూడాలి. మరమ్మతు చేయవలసిన గొట్టాన్ని మిగతా లైను నుంచి విడగొట్టడానికి వాల్వు మూస్తే చాలదు. పెద్ద గొట్టాల వాల్వులు పూర్తిగా బిగియవు. అందుకే వాటర్ సీల్‌లో నీళ్లు నింపుతారు. గొట్టంలోని గ్యాసు ఒత్తిడి కన్నా ఆ నీటి మట్టం ఎత్తుగా ఉన్నంత సేపే అది అడ్డుకోగలదు. ఆ తరవాత నత్రజనితో గానీ ఆవిరితో గానీ గొట్టాన్ని కడుగుతారు, లోపల మండే వాయువు మిగల్లేదని మీటరుతో పరీక్షిస్తారు. అప్పుడు రెండు ఫ్లాంజిల మధ్య బోల్టులు వదులు చేసి, సందు తెరిచి, బ్లాంక్ అనే ఇనుప పలకను జొప్పించి మళ్లీ బిగిస్తారు. ఆ సందు తెరుచుకున్న కాసేపూ గ్యాసు బయటికి చిమ్మే ప్రమాదం ఉంటుంది. కాబట్టి పని చేసేవారు శ్వాస పరికరాలు తొడుక్కోవాలి. చుట్టుపక్కల వెల్డింగు, వేడి పనులు ఏవీ జరగకూడదు, అగ్నిమాపక బృందం పక్కనే నిలబడాలి. పని ముగిశాక బ్లాంక్ తీసేటప్పుడూ ఇదే వరుస. కోక్ ఒవెన్ గ్యాసు లైన్లలో నాఫ్తలీన్ గట్టిపడి గొట్టాలను పూడుస్తుంది, తారు నీళ్లు అడుగున చేరతాయి. వాటిని పట్టే డ్రిప్ పాట్లను ఎప్పటికప్పుడు ఖాళీ చేయకపోతే గ్యాసు దారి మూసుకుపోతుంది.

అన్నిటికన్నా భయపెట్టేది బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు. అందులో సుమారు పావు వంతు కార్బన్ మోనాక్సైడ్. రంగూ లేదు, వాసనా లేదు. ఎనిమిది గంటల పనిలో గాలిలో ఈ వాయువు సగటున పది లక్షల వంతుల్లో 50 వంతులకు మించరాదని ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు హద్దు పెట్టింది. గొట్టంలో ఉన్నది దానికి దాదాపు అయిదు వేల రెట్లు. ఆ షెడ్యూలు 1948 నాటి మూల చట్టంలో లేదు. భోపాల్ విషాదం తరవాత 1987లో చేసిన సవరణతో వచ్చింది. ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం, ఇనుము ఉక్కు పరిశ్రమను అందులో చేర్చిన జాబితా కూడా అప్పటివే. అంటే భిలాయ్ గ్యాసు లైన్లు 28 ఏళ్లు నడిచాక గానీ ఆ గాలికి చట్టంలో ఒక అంకె రాలేదు.

కర్మాగారం గోడకు బయట సహజవాయువు కథ వేరేగా నడిచింది. 1962 నాటి చట్టం పైపులైను వేయడానికి భూమిని వాడుకునే హక్కు ఇచ్చింది. ఆ లైనులో ఎవరి గ్యాసు పోవాలి, ఎంత చార్జీకి పోవాలి అన్నదాని జోలికి ఆ చట్టం పోలేదు. 1984లో గెయిల్ ఏర్పడింది. హజీరా, విజయపూర్, జగదీశ్‌పూర్‌లను కలుపుతూ 1980ల రెండో సగంలో పడిన పైపులైను దారి పొడవునా ఎరువుల కర్మాగారాలు వెలిశాయి. కృష్ణా గోదావరి డెల్టా గ్యాసు డెల్టా లోనే తిరిగింది, కావేరీ గ్యాసు అక్కడే, అస్సాం గ్యాసు అక్కడే మిగిలిపోయాయి. ఒకదానితో ఒకటి కలవని ముక్కలుగా ఉన్న ఆ వ్యవస్థలో భిలాయ్ చుట్టుపక్కల ఒక్క ముక్క కూడా లేదు. చేతికందే బొగ్గు, పక్కనే కోర్బా విద్యుత్తు ఉన్న ప్రాంతానికి గ్యాసు లేని లోటు అప్పట్లో పెద్దగా తెలియలేదు కూడా.

ఈ ముక్కల సమస్యను యూరప్ అంతకు ముందే ఎదుర్కొంది. అక్కడ ఒక్కో దేశానిది ఒక్కో గ్యాసు సంస్థ, ఒక్కో ప్రమాణం. భిలాయ్‌ను కట్టిన సోవియట్ యూనియనే 1968 నుంచి ఆస్ట్రియాకు, ఆ తరవాత పశ్చిమ యూరప్ దేశాలకు గ్యాసు పంపింది. దేశాలు దాటే గ్యాసుకు దేశానికో నియమం ఉంటే కుదరదని తేలడంతో యూరోపియన్ యూనియన్ 1998లో, 2003లో, 2009లో వరుసగా మూడు ఆదేశాలు తెచ్చింది. పైపులైను యజమాని తన గొట్టంలో ఇతరుల గ్యాసుకు కూడా చోటివ్వాలి, గ్యాసు అమ్మకాన్నీ రవాణానూ వేరు చేయాలి అన్నవి వాటి సారాంశం. 2009 జనవరిలో రష్యా, ఉక్రెయిన్ తగాదాలో చలికాలం నడుమ సరఫరా ఆగిపోయాక పొరుగు దేశాలు ఒకదానికొకటి గ్యాసు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాట్ల మీద పట్టుదల పెరిగింది. రవాణా సంస్థల ఉమ్మడి వేదిక ఎంట్సాగ్ రెండేళ్లకోసారి పదేళ్ల ప్రణాళిక ప్రకటిస్తుంది. ఎక్కడ గొట్టం కావాలో, ఎక్కడ వెనక్కి పంపే ఏర్పాటు కావాలో అందులో ఖండమంతటికీ కలిపి చూస్తారు.

భారతదేశంలో అలాంటి మలుపు న్యాయస్థానంలో వచ్చింది. గుజరాత్ 2001లో సొంత గ్యాసు చట్టం చేసుకుంది. సహజవాయువు మీద శాసనాధికారం కేంద్రానిదేననీ, రాష్ట్రాలకు అది లేదనీ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 మార్చిలో తేల్చింది. 2006లో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి చట్టం వచ్చింది, 2007లో మండలి ఏర్పడింది. పైపులైనుకు అనుమతి, చార్జీ నిర్ణయం, ఇతరులకు ప్రవేశం, సాంకేతిక ప్రమాణాలు, అత్యవసర స్పందన, ఇలా ఒక్కో అంశానికీ 2008 నుంచి నిబంధనలు వెలువడ్డాయి. గ్యాసులో తేమ, గంధకం ఎంత వరకు ఉండవచ్చో కూడా ఆ నిబంధనలు చెబుతాయి. అప్పటికే కాకినాడ నుంచి భరూచ్ దాకా తూర్పు పడమర పైపులైను పడుతోంది. 2009 ఏప్రిల్‌లో కృష్ణా గోదావరి తీరానికి ఆవల సముద్రంలోని కేజీ డీ6 క్షేత్రం గ్యాసు అందులో ప్రవహించడం మొదలైంది. కృష్ణా గోదావరి ప్రాంతపు గ్యాసు మొదటిసారిగా పడమటి తీరానికి చేరింది. దేశంలో గ్యాసు వ్యవస్థ ఒక్కటి కావడానికి నిజమైన ఆరంభం అదే.

కాగితం మీది నిబంధనకూ క్షేత్రంలోని గొట్టానికీ మధ్య ఎంత దూరముందో 2014 జూన్ చూపించింది. జూన్ 12న భిలాయ్‌లో రెండో నంబరు వాటర్ పంప్ హౌస్‌లో లోపం తలెత్తి, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసును కడిగే ప్లాంటుకు నీటి ఒత్తిడి పడిపోయింది. నీరు అడ్డుకోవలసిన గ్యాసు నీటి లైనులోకి ఎదురెక్కి పంప్ హౌస్‌కు చేరింది. నీటి పని చేస్తున్నవారికి గ్యాసు వస్తుందన్న అనుమానమే ఉండదు. ఆరుగురు చనిపోయారు, వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ముప్పై మందికి పైగా అస్వస్థులయ్యారు.

సరిగ్గా పదిహేను రోజులకు, జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో తాటిపాక పక్కనే గెయిల్ పైపులైను పేలింది. అది విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయే లైను. ఇరవై మందికి పైగా మంటల పాలై చనిపోయారు. ఇళ్లూ కొబ్బరి చెట్లూ మాడిపోయాయి. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ గల గ్యాసు పంపడంతో నీరు అడుగున చేరి గొట్టాన్ని తినేసిందని విచారణలో బయటపడింది. భిలాయ్‌లో నీటి గొట్టంలోకి గ్యాసు వచ్చింది, నగరంలో గ్యాసు గొట్టంలోకి నీరు వచ్చింది. ఒకటి ఫ్యాక్టరీల చట్టం కిందిది, మరొకటి నియంత్రణ మండలి కిందిది. ఏ గొట్టంలో ఏది పోవాలో, పోకూడనిది వచ్చినప్పుడు ఎవరు ఆపాలో ముందే తేల్చి అమలు చేసి ఉంటే ఈ రెండు ప్రమాదాలూ తప్పేవి. నగరం తరవాత దేశమంతటా పైపులైన్ల తనిఖీలు ముమ్మరమయ్యాయి. చనిపోయినవారి కుటుంబాలకు ఆ జాగ్రత్త ఆలస్యంగా అందింది.

భిలాయ్‌లో ఆ తరవాత కూడా ఒక పెద్ద దెబ్బ తగిలింది. 2018 అక్టోబరు 9న కోక్ ఒవెన్ల పదకొండో బ్యాటరీ దగ్గర గ్యాసు పైపులైను మీద ముందే నిర్ణయించిన మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచి పది మందికి పైగా చనిపోయారు. ఎనర్జీ మేనేజ్‌మెంట్ విభాగం సిబ్బంది, కాపలాగా నిలబడిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఆ మృతుల్లో ఉన్నారు. అదే ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి ఆధునికీకరించిన కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 4,060 ఘనపు మీటర్ల మహామాయ ఫర్నేస్ ఆ ఏడాది ఆరంభంలోనే మొదలైంది. మొదటి ఫర్నేసులకు నాలుగు రెట్లున్న ఫర్నేస్ అంటే గ్యాసు కూడా ఆ లెక్కనే పెరుగుతుంది. అరవై ఏళ్ల కింద వేసిన లైన్లకు కొత్త లైన్లు అతుక్కున్న వ్యవస్థలో, పనికి ముందు అనుమతి రాసిచ్చే పాత పర్మిట్ పద్ధతి చాలదని ఈ ప్రమాదం చెప్పింది. ఉక్కు మంత్రిత్వ శాఖ 2020లో ప్రభుత్వ, ప్రైవేటు కర్మాగారాలన్నిటికీ 25 ఉమ్మడి భద్రతా మార్గదర్శకాలు ప్రకటించింది. దేశంలో మూడు కర్మాగారాలు మూడు ప్రమాణాలతో మొదలైన అరవై ఏళ్లకు వచ్చిన ఈ ఉమ్మడి పాఠం మంచిదే, రావలసిన దానికన్నా చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈలోగా జాతీయ గ్యాస్ గ్రిడ్ తూర్పుకు నడిచింది. జగదీశ్‌పూర్ నుంచి హల్దియా, బొకారో, ధామ్రా వైపు వెళ్లే పైపులైనుకు కేంద్ర మంత్రివర్గం 2016లో పెట్టుబడి సాయంగా 5,176 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొనేవారు తక్కువ ఉన్న ప్రాంతానికి లాభం చూసుకుని ఎవరూ గొట్టం వేయరు, ముందు గొట్టం పడితే గానీ కొనేవారు పుట్టరు. ఈ ముడిని విప్పే బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలన్నది ఆ నిర్ణయం వెనక ఉన్న ఆలోచన. ముంబయి నుంచి నాగపూర్ మీదుగా ఝార్సుగూడకు గెయిల్ పైపులైనుకు 2020లో అనుమతి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు దారి చూపింది అదే.

గొట్టం ఒక్కటే వస్తే చాలదు, చార్జీ కూడా భరించగలిగేలా ఉండాలి. గ్యాసు ఎన్ని పైపులైన్లు దాటితే అన్ని చార్జీలు కలుపుతూ పోయే పాత పద్ధతే ఉండి ఉంటే తీరానికి దూరంగా ఉన్న దుర్గ్, రాయపూర్ లాంటి చోట్లకు గ్యాసు చేరేసరికి ధర తడిసి మోపెడయ్యేది. గుజరాత్ తీరంలోని పరిశ్రమకూ భిలాయ్ పరిశ్రమకూ పోటీయే ఉండేది కాదు. ఈ పద్ధతికి బదులు 2023 ఏప్రిల్ 1 నుంచి ఒకదానితో ఒకటి కలిసిన పైపులైన్లన్నిటికీ కలిపి ఏకీకృత చార్జీ తెచ్చారు. అప్పట్లో పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు సగటున 73.93 రూపాయలని లెక్కగట్టి, దూరాన్ని బట్టి మూడు మండలాలుగా విభజించారు. మొదటిది 300 కిలోమీటర్ల వరకు, రెండోది 1,200 వరకు, ఆపైన మూడోదిగా ఉండేది. ఎన్ని కంపెనీల గొట్టాలు దాటినా చార్జీ ఒక్కటే. లోతట్టు రాష్ట్రాలకు ఈ సంస్కరణ చేసిన మేలు కొత్త పైపులైను చేసిన మేలుకు తక్కువేమీ కాదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి పాతికేళ్లు నిండిన 2025 నవంబరు 1న సుమారు 489 కిలోమీటర్ల నాగపూర్, ఝార్సుగూడ పైపులైనును ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. దాని ఖర్చు 1,950 కోట్ల రూపాయలకు పైమాటే. రాష్ట్రంలోని 11 జిల్లాలు జాతీయ గ్యాస్ గ్రిడ్‌తో కలిశాయి. అదే ఏడాది మార్చి 30న విశాఖపట్నం నుంచి రాయపూర్‌కు పెట్రోలు, డీజిలు తెచ్చే 540 కిలోమీటర్ల మరో పైపులైనుకు శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే తెలుగు తీరానికీ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేల కింద కూడా దారి ఏర్పడుతుంది.

గ్రిడ్ గ్యాసు ఘనపు మీటరుకు ఎనిమిది వేల కిలో కేలరీలకు పైగా వేడినిస్తుంది. ఫర్నేస్ గ్యాసుకు ఇది పది రెట్లు. కాబట్టి ఉక్కు కర్మాగారంలోకి దాన్ని తీసుకుంటే బర్నర్లు, మిక్సింగ్ పాళ్లు, ఒత్తిడి తగ్గించే స్టేషన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా పర్మిట్ పద్ధతి కొత్తగా రాసుకోవాలి. 2025 నవంబరు 21న ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. గోడ లోపలి గొట్టానికి ఆ కోడ్, బయటి గొట్టానికి నియంత్రణ మండలి నిబంధనలు. ఆ రెండూ కలిసే మీటరు దగ్గర, ఏ వాల్వు మూసే అధికారం ఎవరిదో మొదటి ఘనపు మీటరు గ్యాసు లోపలికి రాకముందే రాసి, కార్మికుడికి అర్థమయ్యే భాషలో అక్కడే అంటించాలి.